ఎన్‌పీటెల్ 12 వారాల కోర్సు రివ్యూ: బీటెక్‌లో వారం వారం చదవడం నేర్పే సర్వీసు

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చదువంటే మిడ్స్‌కు ముందు రెండు రాత్రులు, సెమ్‌కు ముందు వారం రోజులు. ఆల్ ఇన్ వన్, సీనియర్లు ఇచ్చిన ఇంపార్టెంట్ ప్రశ్నలు, యూనిట్‌కు రెండు లాంగ్ ఆన్సర్లు. వీటితో పాసవచ్చు, మంచి మార్కులూ తెచ్చుకోవచ్చు. చిక్కంతా తర్వాత వస్తుంది. ఫైనలియర్ ప్రాజెక్టులో, ఇంటర్న్‌షిప్‌లో, ఎంటెక్‌లో, ఉద్యోగంలో ఎవరూ ఇంపార్టెంట్ ప్రశ్నలు ఇవ్వరు. వారానికింత పని, దానికో గడువు ఉంటాయి. అర్థం కాని చోటు మనమే గుర్తించి, సరిగ్గా అడిగి తెలుసుకోవాలి. ఈ అలవాటును సిలబస్‌లో ఎక్కడా నేర్పరు. దాన్ని నేర్చుకోవడానికి మన విద్యార్థికి అందుబాటులో ఉన్నవాటిలో అతి చౌకైనది ఎన్‌పీటెల్ సర్టిఫికెట్ కోర్సు. అందుకే ఈ రివ్యూలో వీడియోల నాణ్యత కన్నా ఆ కోర్సు మీ చేత ఎలా పని చేయిస్తుంది, ఎక్కడ చేయించలేకపోతుంది అన్నదే ఎక్కువ ఉంటుంది.

తెలియనివారికి రెండు మాటలు. ఎన్‌పీటెల్ 2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి, కేంద్ర ప్రభుత్వ నిధులతో మొదలుపెట్టిన ఆన్‌లైన్ పాఠాల పథకం. మొదట్లో వీడియో పాఠాలే ఉండేవి. తర్వాత వారాల లెక్కన సాగే కోర్సులు, వాటికి అసైన్‌మెంట్లు, సెంటర్‌లో కూర్చుని రాసే పరీక్ష, సర్టిఫికెట్ వచ్చాయి. 2017 జులైలో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం పోర్టల్ ప్రారంభమయ్యాక ఈ కోర్సులన్నీ దాని మీదే నడుస్తున్నాయి. ఏటా రెండు విడతలు: జనవరిలో మొదలయ్యేది ఒకటి, జులైలో మొదలయ్యేది ఒకటి. 4 వారాలు, 8 వారాలు, 12 వారాలు అని మూడు సైజులు. వీడియోలు ఉజ్జాయింపుగా 10 గంటలు, 20 గంటలు, 30 గంటలు. క్రెడిట్ల లెక్కలో 1, 2, 3. పాఠాలు చూడటం, అసైన్‌మెంట్లు చేయడం పూర్తిగా ఉచితం. పరీక్షకు మాత్రం కోర్సుకు వెయ్యి రూపాయలు; ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు సగం. ఫీజు కట్టే ముందు ఆ విడత పేజీలో ఉన్న అంకె ఒకసారి చూసుకోండి.

మార్కుల లెక్క ముందే తెలిసి ఉండాలి

చాలామంది ఈ లెక్క తెలియకుండానే దిగుతారు, పరీక్షయ్యాక తెలుసుకుంటారు. తుది మార్కుల్లో 25 అసైన్‌మెంట్లవి, 75 పరీక్షవి. 12 వారాల కోర్సులో 12 అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన 8 తీసుకుని సగటు వేస్తారు. 8 వారాలదైతే 6, 4 వారాలదైతే 3. సర్టిఫికెట్ రావాలంటే రెండు గడపలూ దాటాలి: అసైన్‌మెంట్లలో 25కు కనీసం 10, పరీక్షలో 75కు కనీసం 30. ఒకదాని లోటును ఇంకోదానితో పూడ్చడం కుదరదు.

అంకెలతో చూద్దాం. అసైన్‌మెంట్లన్నీ టెలిగ్రామ్ గ్రూపులో వచ్చిన జవాబులు చూసి పెట్టిన విద్యార్థికి 24 వచ్చాయి. పరీక్షలో 28 వచ్చాయి. కలిపితే 52. పాసే కదా అనిపిస్తుంది, కానీ సర్టిఫికెట్ రాదు, పరీక్షలో 30 దాటలేదు కాబట్టి. ఇంకొకరికి అసైన్‌మెంట్ సగటు 85 శాతం, అంటే 21.25. ఆ విద్యార్థి మొత్తం 60 దాటి ఎలీట్ తెచ్చుకోవాలంటే పరీక్షలో 75కు 38.75 చాలు, వందకు 52 లోపే. అదే 90 దాటి గోల్డ్ రావాలంటే 68.75 కావాలి, వందకు దాదాపు 92. ఈ తేడా మొదటి వారమే లెక్క వేసుకుంటే ఎంత కష్టపడాలో స్పష్టంగా తెలుస్తుంది. 40 నుంచి 59 వరకు మామూలు సర్టిఫికెట్, 60 నుంచి 74 ఎలీట్, 75 నుంచి 89 ఎలీట్ సిల్వర్, 90 ఆపైన ఎలీట్ గోల్డ్. కొన్ని ప్రోగ్రామింగ్ కోర్సుల్లో ఈ లెక్క వేరుగా ఉంటుంది, సెంటర్‌లో కోడ్ రాసే పరీక్ష కూడా ఉంటుంది. కోర్సు పేజీలో ఆ భాగం చదవకుండా ఫీజు కట్టొద్దు.

బాగా వచ్చిన 8 అనే నియమంలో ఒక ఉచ్చు ఉంది. ఎనిమిది అసైన్‌మెంట్లు బాగా చేశాక ఇక అక్కర్లేదని ఆపేస్తారు. పరీక్ష మాత్రం 12 వారాల పాఠం మీదా ఉంటుంది. పైగా ఏ కోర్సులోనైనా చివరి వారాల్లోనే అసలు విషయం ఉంటుంది, మొదటి వారాలు దానికి పునాది. ఆ నాలుగు వారాల వెసులుబాటు జ్వరం వచ్చిన వారానికి, మిడ్స్ వారానికి ఇచ్చింది. జులై విడత తీసుకుంటే రెండు మిడ్స్ మధ్యలో పడతాయి కాబట్టి రెండు వారాలు వాటికే పోతాయని ముందే రాసుకోండి. మిగిలిన రెండూ అత్యవసరానికి.

కోర్సు ఎంచుకోవడంలో జరిగే పొరపాటు

పేరు చూసి ఎంచుకోవడమే పెద్ద పొరపాటు. మెషిన్ లెర్నింగ్ అని పేరుంటే చాలు, రెండో సంవత్సరం వాళ్లు కూడా చేరిపోతారు. ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ బాలరామన్ రవీంద్రన్ చెప్పే మెషిన్ లెర్నింగ్ పరిచయ కోర్సు మంచిదే. కానీ మాత్రికలు, సంభావ్యత గట్టిగా రాకపోతే రిగ్రెషన్ దగ్గరే ఆగిపోతారు. తప్పు కోర్సుది కాదు. అది అడిగే పునాది పేజీలో రాసి ఉంటుంది, చదవరు అంతే. చాలా కోర్సుల్లో సున్నా వారం అసైన్‌మెంట్ ఒకటి ఇస్తారు, దానికి మార్కులు లెక్కలోకి రావు. అది కావాల్సిన ముందు జ్ఞానం ఉందో లేదో చూడటానికే. అందులో సగం కూడా రాకపోతే ఆ కోర్సు ఈ విడతకు వద్దు. ముందు పునాది కోర్సు చేసి, ఆర్నెల్లాగి దీనికి రండి.

చేరే ముందు ఇంకో పరీక్ష పెట్టుకోవచ్చు. అదే కోర్సు పాత విడతల వీడియోలు తెరిచే ఉంటాయి. మొదటి పాఠం కాకుండా ఐదో వారంలో ఏదో ఒక పాఠం పది నిమిషాలు చూడండి. మొదటి పాఠం ఎవరికైనా అర్థమవుతుంది. ఐదో వారంలో ఆ అధ్యాపకుడి వేగం, బోర్డు మీద రాసే పద్ధతి, ఉచ్చారణ మీకు పడుతున్నాయో లేదో తెలిసిపోతుంది.

మొదటిసారి చేసేవారికి గట్టిగా చెప్పదగ్గవి రెండున్నాయి. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ పైథాన్‌తో డేటా స్ట్రక్చర్లు, అల్గారిథమ్‌లు చెప్పే 8 వారాల కోర్సు ఒకటి. మొదటి పాఠంలోనే గ.సా.భా. కనుక్కోవడాన్ని తీసుకుని, మొదట రెండు సంఖ్యల కారణాంకాల జాబితాలు రాసి, తర్వాత జాబితాలే అక్కర్లేదని చూపించి, చివరికి యూక్లిడ్ పద్ధతికి తీసుకెళతారు. చిన్నప్పుడు చేసిన లెక్కే కాబట్టి దృష్టంతా పద్ధతి మీదే నిలుస్తుంది. 9999, 2 తీసుకుని చూడండి. పెద్దదాన్లోంచి చిన్నది తీసేస్తూ పోతే దాదాపు ఐదు వేల తీసివేతలు, శేషం పద్ధతిలో రెండే రెండు భాగహారాలు. అల్గారిథమ్ అంటే ఏమిటో ఇంతకన్నా శుభ్రంగా మొదలుపెట్టడం కష్టం. సార్టింగ్, రికర్షన్, ఎనిమిది రాణుల సమస్య, బైనరీ సెర్చ్ ట్రీ, డైనమిక్ ప్రోగ్రామింగ్ వరకు అదే ఒడుపుతో సాగుతుంది. ఈసీఈ, ట్రిపుల్‌ఈ వాళ్లకైతే ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ నాగేంద్ర కృష్ణపుర చెప్పే బేసిక్ ఎలక్ట్రికల్ సర్క్యూట్స్, 12 వారాలు. సూత్రాన్ని పట్టుకుని సర్క్యూట్‌ను చూడటం నేర్పే కోర్సు. మన పాఠ్యపుస్తకాల్లో సూత్రం, దాని కింద పది లెక్కలు ఉంటాయి. ఇక్కడ ఆ సూత్రం ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో చెబుతారు.

ఒక సెమిస్టర్‌లో ఒకటే కోర్సు. క్రెడిట్లకోసం రెండు, మూడు పెట్టుకున్నవాళ్లు సాధారణంగా ఏదీ సరిగ్గా చేయరు. ఎందుకో కింది లెక్క చూస్తే తెలుస్తుంది.

వారానికి ఆరు గంటలు, ఎలా పంచుకోవాలి

12 వారాల కోర్సులో వారానికి రెండున్నర గంటల వీడియో ఉంటుంది, ఎక్కువగా అరగంట చొప్పున ఐదు ముక్కలు. దీన్ని రెండున్నర గంటల పని అనుకుంటే మొదటి వారంలోనే వెనకబడతారు. ఆపుతూ, రాస్తూ చూస్తే నాలుగు గంటలు పడుతుంది. అసైన్‌మెంట్‌కు గంటన్నర. పాత వారం తిరగేయడానికి అరగంట. మొత్తం ఆరు. క్లాసులు, ల్యాబులు, రికార్డులు, బస్సు ప్రయాణం అన్నీ పోను డేస్కాలర్‌కు వారంలో ఆరు గంటలు దొరకడమే గగనం. అందుకే ఒకటే అన్నది.

ఈ ఆరు గంటల్ని ఆదివారం ఒక్కరోజే కుదించొద్దు. మూడో వీడియో దాటాక బుర్ర తీసుకోదు, అర్థమైనట్టు అనిపిస్తుంది అంతే. సోమ, బుధ, శుక్రవారాల్లో గంటా ఇరవై నిమిషాల చొప్పున వీడియోలు, శనివారం అసైన్‌మెంట్ మొదటి ప్రయత్నం, ఆదివారం తప్పులు చూసుకోవడం. అసైన్‌మెంట్ గడువు సాధారణంగా తర్వాతి వారం బుధవారం రాత్రి 11:59. అంటే శనివారం చేసేవారికి నాలుగు రోజుల వ్యవధి మిగులుతుంది. బుధవారం రాత్రి పదకొండున్నరకు కూర్చునేవారికి హాస్టల్ వైఫై ఆగిపోయినా అంతే సంగతులు.

వీడియో చూసే తీరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, లాభమంతా ఇక్కడే ఉంది కాబట్టి. పేజీ అంకెలు వేసిన లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. ఎడమ పేజీ పాఠానికి, కుడి పేజీ ఖాళీగా. డెరివేషన్ వచ్చినప్పుడు అధ్యాపకుడు రాసే తర్వాతి లైను రాకముందే వీడియో ఆపి, ఆ లైను మీరే రాయడానికి ప్రయత్నించండి. తప్పయినా పర్వాలేదు. రాయలేకపోయిన లైను పక్కన చుక్క పెట్టండి. వీడియో అయ్యాక లాప్‌టాప్ మూసి, ఎడమ పేజీ చూడకుండా కుడి పేజీలో ఐదు నిమిషాలు గుర్తున్నది రాయండి: ఏం నిరూపించారు, ఏ షరతుల మీద, ఎందుకు కావాల్సి వచ్చింది. తర్వాత రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే మీకు ఏది రాదో కళ్లకు కనబడుతుంది. రన్నింగ్ నోట్స్ అందంగా రాయడం కన్నా ఈ ఐదు నిమిషాలకే విలువ ఎక్కువ. చూస్తున్నప్పుడు అర్థం కావడం వేరు, చూడకుండా రాయగలగడం వేరు. పరీక్షా, ఇంటర్వ్యూ రెండూ రెండోదాన్నే అడుగుతాయి.

వేగం పెంచి చూడొచ్చా అని చాలామంది అడుగుతారు. పరిచయం, చరిత్ర చెప్పేటప్పుడు ఒకటింపావు వేగం ఫర్వాలేదు. డెరివేషన్, కోడ్ దగ్గర మామూలు వేగమే.

పాఠాలకు రాతప్రతులు పీడీఎఫ్‌లో దొరుకుతాయి, కొన్ని కోర్సులకు తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. తెలుగు మీడియం నుంచి వచ్చినవారికి ఇది నిజమైన ఆసరా. పాఠం ముందు తెలుగులో చదివి, తర్వాత ఇంగ్లిష్‌లో వినండి. కానీ అనువాదంలో పారిభాషిక పదాలు మీరు క్లాసులో వినేవాటిలా ఉండకపోవచ్చు, సూత్రాల దగ్గర తప్పులూ దొర్లుతుంటాయి. సూత్రం మాత్రం వీడియోలో తెర మీద ఉన్నదే రాసుకోండి. ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి అసైన్‌మెంట్లు మొదటి నుంచీ ఇంగ్లిష్‌లోనే చేయాలి.

అసైన్‌మెంట్: ఇదే అసలు సరుకు

వారానికి సుమారు పది ప్రశ్నలు. గడువులోపు ఎన్నిసార్లైనా సబ్మిట్ చేయొచ్చు, చివరిసారి పెట్టిందే లెక్క. ఈ సౌకర్యాన్ని తెలివిగా వాడుకునే పద్ధతి ఒకటుంది. శనివారం ఆప్షన్లు చేత్తో మూసి ప్రశ్న మాత్రమే చదివి కాగితం మీద జవాబు తేల్చండి. ఆ తర్వాతే ఆప్షన్లు చూడండి. మీ జవాబు ఆప్షన్లలో లేకపోతే ఎక్కడో తప్పు చేశారని అప్పటికప్పుడే తెలుస్తుంది. ఆప్షన్లు ముందే చూస్తే వాటిలో దగ్గరగా ఉన్నదాని వైపు మనసు లాగుతుంది, లెక్క అటు వంగుతుంది. అలా పెట్టిన జవాబులు సబ్మిట్ చేసి, ప్రతిదాని పక్కన నమ్మకం ఎంతో రాసుకోండి: ఖాయం, అనుమానం, ఊహ. ఆదివారం అనుమానాలు, ఊహలు మాత్రమే మళ్లీ చూసి మార్చండి. గడువు దాటాక సరైన జవాబులు వస్తాయి. అప్పుడు ఖాయమని రాసినవాటిలో తప్పయినవి ఉంటే అవే బంగారం. తెలుసనుకుని తెలియనివి అవి.

వాటికి వేరే చిన్న పుస్తకం పెట్టుకోండి. తప్పుకు మూడు లైన్లు చాలు: ప్రశ్న దేని మీద, నేనేమనుకున్నాను, అసలు ఏమిటి. చివర ఒక గుర్తు: విషయం తెలియలేదా, ప్రశ్న సరిగా చదవలేదా, లెక్కలో జారిందా. మూడు నాలుగు వారాలయ్యాక ఈ గుర్తులు లెక్కపెడితే ఒక్కొక్కరికి ఒక్కో జబ్బు బయటపడుతుంది. సర్క్యూట్స్‌లో ఎక్కువమందికి కేవీఎల్ (ఒక చుట్టులోని వోల్టేజీల మొత్తం సున్నా అనే కిర్కాఫ్ నియమం) రాసేటప్పుడు ప్లస్ మైనస్ గుర్తులే తప్పుతాయి. దానికి మందు ఇంకో పాఠం వినడం కాదు. ప్రతి బొమ్మ మీద ముందు కరెంటు దిశ, వోల్టేజీ గుర్తులు వేసి, ఆ తర్వాతే సమీకరణం రాయడం. విషయం తెలియనివారికి మాత్రమే పాఠం మళ్లీ వినడం పనికొస్తుంది.

యంత్రం వల్ల పోయే మార్కులు కొన్ని ఉన్నాయి. ఒకటికన్నా ఎక్కువ సరైన జవాబులుండే ప్రశ్నల్లో ఒకటే టిక్ పెట్టడం. సంఖ్య టైప్ చేయమన్న చోట యూనిట్ కూడా కలిపి రాయడం, అడిగినన్ని దశాంశాలు ఇవ్వకపోవడం. మధ్య లెక్కల్లోనే రెండు దశాంశాలకు కుదించేస్తే చివరి జవాబు పక్కకు పోతుంది, కుదింపు చివర్లో ఒక్కసారే చేయాలి. ప్రోగ్రామింగ్‌లో ఇంకోరకం. రన్ నొక్కి అంతా సరిగ్గా వచ్చిందని సంతోషించి సబ్మిట్ నొక్కకపోవడం ఒకటి. కనిపించే టెస్టు కేసులు పాసయ్యాయి కదా అని వదిలేయడం రెండోది. మార్కులు కనిపించని టెస్టు కేసుల మీద ఉంటాయి. అవి ఎక్కువగా పట్టుకునేవి ఇవే: ఖాళీ జాబితా, ఒకే మూలకం ఉన్న జాబితా, అన్నీ సమానమైన విలువలు, రుణసంఖ్యలు. ఇన్‌పుట్ దగ్గర నంబరు ఇవ్వండి అని అదనంగా ప్రింట్ చేసిన మాట కూడా అవుట్‌పుట్‌లో కలిసి తప్పవుతుంది. సబ్మిట్ చేసే ముందు ఈ నాలుగు కేసులు చేత్తో రాసి నడిపి చూడటం అలవాటైతే, అది ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీలోనైనా పనికొచ్చే అలవాటే. ప్రతి వారం కోడ్‌ను గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) విడి ఫోల్డర్‌గా, ఏం మార్చారో ఒక వాక్యం రాసి పెట్టండి. కోర్సు అయ్యేసరికి చూపించుకోదగ్గ పని చరిత్ర తయారవుతుంది.

జవాబుల వీడియోలు, టెలిగ్రామ్ గ్రూపుల గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. ప్రతి విడతలో ప్రతి పాపులర్ కోర్సుకూ అవి పుట్టుకొస్తాయి. వాటిలో జవాబులు తరచూ తప్పులే. అంతకన్నా పెద్ద నష్టం, 25 మార్కుల కోసం 75 మార్కుల సాధన పోగొట్టుకోవడం. సర్టిఫికెట్ రాకపోతే మళ్లీ వెయ్యి, మళ్లీ ఒక విడత.

ఫోరమ్‌లో అడగడం ఒక విద్య

ప్రతి కోర్సుకూ చర్చా వేదిక ఉంటుంది, టీచింగ్ అసిస్టెంట్లు జవాబిస్తారు. ఐఐటీ పీహెచ్‌డీ విద్యార్థిని నేరుగా అడిగే అవకాశం ఇది. మనవాళ్లు దీన్ని వాడుకోవడం చాలా తక్కువ. వాడుకున్నా, అర్థం కాలేదు సార్ వివరించండి అని రాస్తారు. దానికి జవాబు రాదు, వచ్చినా పాఠం మళ్లీ చూడమని వస్తుంది. ప్రశ్నలో నాలుగు సంగతులు ఉండాలి: ఏ వారం ఏ పాఠం ఎన్నో నిమిషం, మీరు ఏం చేశారు, ఏం వచ్చింది, ఏది వస్తుందనుకున్నారు. నాలుగో వారం రెండో పాఠం 14వ నిమిషంలో కెపాసిటర్ వోల్టేజీ ఒక్కసారిగా మారదన్నారు, కానీ ఆదర్శ వోల్టేజీ సోర్సుకు స్విచ్‌తో నేరుగా కలిపితే మారాలి కదా, అప్పుడు కరెంటు ఎంత అని అడిగితే అది ప్రశ్న. అలా రాస్తూ రాస్తూ ఉండగానే సగం సార్లు జవాబు మీకే తడుతుంది. గడువు దాటకముందు అసైన్‌మెంట్ జవాబులు అక్కడ పెట్టకూడదు, తీసేస్తారు.

జవాబులు వచ్చే వేగం కోర్సును బట్టి ఉంటుంది. కొన్నింట్లో ఒక రోజులో, కొన్నింట్లో వారం దాటినా రాదు. ఈ సర్వీసులో నిజమైన లోటు ఇది. చేరే ముందు పాత విడత ఫోరమ్ చూడగలిగితే చూడండి.

రిజిస్ట్రేషన్ దగ్గర జారిపోయేవారు

కోర్సులో చేరడం వేరు, పరీక్షకు రిజిస్టర్ కావడం వేరు. మొదటిది చేసి రెండోది కూడా అయిపోయిందనుకుని గడువు దాటించుకునేవారు ప్రతి కాలేజీలో ఉంటారు. రెండింటికీ ఒకే ఈమెయిల్ వాడాలి, లేకపోతే అసైన్‌మెంట్ మార్కులు పరీక్షకు జతకావు. కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ కన్నా మీ సొంత జీమెయిల్ మేలు, కాలేజీ దాటాక కూడా ఉంటుంది. ఫారంలో రాసిన పేరే సర్టిఫికెట్ మీద పడుతుంది. మన తెలుగు పేర్లలో ఇంటిపేరు పూర్తిగానా, పొట్టి అక్షరమా, ముందా వెనకా అన్న గొడవ ఎప్పుడూ ఉంటుంది. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో ఎలా ఉందో చూసుకుని అలాగే రాయండి. పరీక్ష ఊరు త్వరగా ఎంచుకోండి. దగ్గరి సెంటర్లు నిండిపోతే పొరుగు జిల్లాకు పోవాలి. రెండు కోర్సులు తీసుకుంటే వాటి పరీక్షలు ఒకే రోజు ఒకే పూటకు రాకుండా చూసుకోవాలి, తేదీలు కోర్సు పేజీలో ముందే ఉంటాయి. మూడు గంటల పరీక్ష, ఉదయం లేదా మధ్యాహ్నం. హాల్ టికెట్ ప్రింటు, ఒరిజినల్ ఫొటో గుర్తింపు కార్డు రెండూ లేకుండా లోపలికి పంపరు. ఫోన్‌లో ఫొటో చూపిస్తే కుదరదు.

మీ కాలేజీ లోకల్ చాప్టర్ (ఎన్‌పీటెల్‌తో జతకట్టిన కాలేజీ) అయితే అక్కడ ఒక బాధ్యుడైన ఫ్యాకల్టీ ఉంటారు, కోర్సుకు మెంటార్లు కూడా ఉండొచ్చు. మీ అసైన్‌మెంట్ మార్కులు మెంటార్‌కు కనిపిస్తాయి. ప్రతి రెండు వారాలకు ఒకసారి ఆయన్ను కలిసి తప్పుల పుస్తకం చూపిస్తానని మీరే అడగండి. క్రెడిట్ల బదిలీ కావాలనుకుంటే, ఏ కోర్సులు ఏ సబ్జెక్టుకు బదులుగా ఒప్పుకుంటారో మీ ఆర్-20, ఆర్-23 లాంటి రెగ్యులేషన్ పత్రంలోను, డిపార్ట్‌మెంట్ ఆమోదించిన జాబితాలోను ఉంటుంది. అది కాగితం మీద చూశాకే చేరండి. సీనియర్ చెప్పిన మాట మీద చేరి, చివర్లో క్రెడిట్లు ఒప్పుకోలేదని ఏడవడం వద్దు.

ఏది బాగాలేదు

పరీక్షంతా దాదాపు ఆప్షన్ల ప్రశ్నలే. డెరివేషన్ రాయడం, డిజైన్‌ను సమర్థించుకోవడం, రిపోర్టు రాయడం ఇక్కడ ఎవరూ పరీక్షించరు. చేతితో పని చేసే ల్యాబు ఉండదు. సర్క్యూట్స్ కోర్సు గోల్డ్‌తో పాసైనా బ్రెడ్‌బోర్డు మీద గ్రౌండ్ కలపడం మర్చిపోయేవారు ఉంటారు. కాబట్టి కాలేజీ ల్యాబును దీనికి జతచేసుకోవాలి: ఆ వారం పాఠానికి దగ్గరి ప్రయోగం ఏదైనా ఉంటే, లెక్క వేసిన విలువ, కొలిచిన విలువ, తేడాకు కారణం మూడు గడుల్లో రాయండి. ఐదు శాతం టాలరెన్స్ (విలువలో ఉండదగ్గ తేడా) ఉన్న రెసిస్టర్లు వాడి, తేడా ఒక శాతం దాటిందని కంగారుపడే రికార్డులు అప్పుడు తగ్గుతాయి.

వీడియోలు చాలావరకు ఒకసారి తీసినవే ప్రతి విడతలో తిరిగి వస్తాయి. గణితం, సర్క్యూట్స్, అల్గారిథమ్‌లకు దీనివల్ల నష్టం లేదు. క్లౌడ్, ఐఓటీ, సెక్యూరిటీ లాంటి కోర్సుల్లో చూపించే టూళ్లు పాతబడిపోతాయి. సూత్రాలు ఇక్కడ నేర్చుకుని, టూల్ మాత్రం దాని ప్రస్తుత డాక్యుమెంటేషన్ నుంచి నేర్చుకోవాలి. అసైన్‌మెంట్ ప్రశ్నల్లో అప్పుడప్పుడు తప్పులుంటాయి, కీ సవరించినట్టు మెయిల్ వస్తుంది. ఆ మెయిళ్లు చదవకుండా వదిలేయొద్దు. గడువులు, హాల్ టికెట్ కబుర్లు కూడా వాటిలోనే వస్తాయి.

రెండో సంవత్సరం మొదటి సెమ్ నుంచి మూడో సంవత్సరం చివరి వరకు ఉన్నవారికి ఈ సర్వీసును నిస్సందేహంగా సిఫార్సు చేస్తాం. మొదటి సంవత్సరంలో 4 లేదా 8 వారాలది చాలు. రెండు కన్నా ఎక్కువ బ్యాక్‌లాగులు ఉన్నవారు ముందు అవి దాటుకుని రండి. అప్పటివరకు ఫీజు కట్టకుండా ఆ సబ్జెక్టు వీడియోలు మాత్రం వాడుకోండి, అవి ఎప్పుడూ ఉచితమే.

సర్టిఫికెట్ వచ్చాక రెజ్యూమెలో రాసేటప్పుడు కోర్సు పేరు, చెప్పిన సంస్థ, ఎన్ని వారాలు, ఎంత స్కోరు, ఏ విడత అని ఒకే లైనులో రాయండి. దాని కింద ఆ కోర్సుతో మీరు కట్టిన ఒక చిన్న పని, కోడ్ లింకు పెట్టండి. ఇంటర్వ్యూలో ఆ లైను మీద మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఇందులో మీకు కష్టమనిపించిన విషయం ఒకటి చెప్పండి. ముందు రోజు రాత్రి వీడియోలు తిరగేయకండి. తప్పుల పుస్తకం తీసి, ఖాయమనుకుని తప్పు చేసిన మూడు ప్రశ్నలు కాగితం మీద మళ్లీ చేసి వెళ్లండి.